ఖ్వాజా మహమూద్ గావాన్ – పాలకుల నడతకు ఒక గీటురాయి

పాలకుల నడతను ఏ కొలతతో కొలువవలెనను ప్రశ్న క్రొత్తది కాదు. తనవాడైన నాయకుడు తప్పు చేసినప్పుడు ఆనాటి పరిస్థితులు అట్టివని సర్దిచెప్పుకొనుట, పరుడు అదే తప్పు చేసినప్పుడు ధర్మశాస్త్రములన్నిటిని ముందుంచుకొని నిందించుట లోకములో పరిపాటి. రాజనీతికి ధర్మనీతితో పొత్తు కుదరదని వాదించువారు కొందరు. ఎంతటి కార్యసాధకుడైనను ఒక్క తప్పు చేసినచో అతని జీవితమంతయు కొట్టివేయవలెనని పట్టుపట్టువారు మరికొందరు. ఈ వాదములలో నిజమెంతయో తేల్చుకొనుటకు వట్టి తర్కము చాలదు. ఒక నిజమైన జీవితమును ముందుంచుకొని పరిశీలించుట మేలని తలచి, బహమనీ రాజ్య ప్రధాని ఖ్వాజా మహమూద్ గావాన్ చరిత్రను మేము ఎన్నుకొన్నాము. ఆయన గొప్ప విద్యాదాత. అంతమాత్రమే కాదు, ఆయన ప్రాణములు పోయినది మన తెలుగు నేల మీద, కృష్ణానదికి సమీపమున గల కొండపల్లిలో. ఆ మరణమునకు కారణమైన తీర్పు, పాలకుల ధర్మమును గూర్చి ఆలోచించువారందరును తెలిసికొనదగినది.

గీలాను నుండి బీదరు వరకు

ఖ్వాజా ఇమాదుద్దీన్ మహమూద్ పారశీక దేశమునందలి గీలాను ప్రాంతములో గావాన్ అను ఊరివాడు. ఆ ఊరి పేరే ఆయన పేరునకు తోడై నిలిచిపోయినది. 15వ శతాబ్ది తొలి భాగమున జన్మించెను. ఆయన పూర్వులు గీలాను పాలకుల కొలువులో మంత్రిపదవులు నిర్వహించినవారు. దర్బారులోని అసూయల వలన స్వదేశమున నిలువలేక ఆయన దేశాంతరము బయలుదేరెను. వర్తకమును వృత్తిగా స్వీకరించి, పోయిన చోటనెల్ల పండితుల సాంగత్యము చేయుచు విద్యను పెంచుకొనెను. పారశీక గద్యరచనలో ఆయన దిట్ట. గణితములోను వైద్యములోను కూడ ఆయనకు మంచి ప్రవేశముండెనని చరిత్రకారులు వ్రాసిరి.

1453లో, నలువది యేండ్లు దాటిన వయస్సున, ఆయన కొంకణ తీరమందలి దాభోలు రేవులో ఓడ దిగెను. బీదరులో నున్న షా ముహిబ్బుల్లా అను సాధుపుంగవుని దర్శించి, పిమ్మట ఢిల్లీకి పోవలెనని ఆయన తలంపు. కాని సుల్తాను రెండవ అలాఉద్దీన్ అహమద్ ఆయన విద్వత్తును గుర్తించి తన కొలువులో నిలుపుకొనెను. కొలది కాలములోనే తెలంగాణమున నల్లగొండ ప్రాంతమందు జలాల్ ఖాన్ అను సర్దారు తిరుగుబాటు చేయగా, దానిని అణచు భారమును ఈ క్రొత్త ఉద్యోగికి అప్పగించిరి. జలాల్ ఖాన్ లొంగిపోయి సుల్తాను క్షమాభిక్షను పొందెను. 1458లో గద్దెనెక్కిన హుమాయూన్ షా గావానునకు మలికుత్తుజ్జార్ అను బిరుదమునిచ్చి గౌరవించెను. వర్తకులలో శ్రేష్ఠుడని దాని అర్థము.

1461లో హుమాయూన్ మరణించునాటికి యువరాజు నిజాం షా ఎనిమిదేండ్ల బాలుడు. రాజమాత, ఖ్వాజా జహాన్ తుర్క్, గావాన్, ఈ ముగ్గురును కలిసి రాజ్యభారమును వహించిరి. బాలుడు రాజైనాడని తెలిసి తూర్పు నుండి ఒరిస్సా గజపతి, ఉత్తరము నుండి మాళవ సుల్తాను దండెత్తి వచ్చిరి. మాళవ సైన్యము బీదరు నగరమును సైతము ఆక్రమించెను. గావాన్ గుజరాతు సుల్తాను సాయమును సంపాదించి శత్రువును వెనుకకు మరల్చెను. 1463లో నిజాం షా మరణింపగా, అతని తమ్ముడు మూడవ ముహమ్మద్ షా రాజయ్యెను. అతడును బాలుడే.

ఈ సందర్భమున జరిగిన ఒక సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. సహమంత్రియైన ఖ్వాజా జహాన్ తుర్క్ ప్రభుత్వ ధనమును అపహరించుచున్నాడను అనుమానము రాజమాతకు కలిగెను. బాలసుల్తాను నోట ఆజ్ఞ వెలువడెను. నిండు కొలువులో, ఏ విచారణయు లేకుండ, ఆ మంత్రిని చంపివైచిరి. ఆ తరువాత ప్రధానిపదవి గావానునకు దక్కెను. మంత్రి దోషియైనను కావచ్చును. కాని దోషమును ఋజువు చేయకుండ శిక్షించు ఆచారము ఆనాడే ఆ కొలువులో పాదుకొన్నది. దాని ఫలమును తరువాత ఎవరు అనుభవించిరో ముందు చూతము.

ప్రధానిగా గావాన్

గావాన్ ఇంచుమించు పదునైదేండ్లు ప్రధానిగా నుండెను. ఆయన కాలములో బహమనీ రాజ్యము సముద్రము నుండి సముద్రము వరకు వ్యాపించెను. 1472లో గోవా రేవు స్వాధీనమయ్యెను. తూర్పున రాజమహేంద్రవరము, కొండపల్లి బహమనీ ఏలుబడిలోనికి వచ్చెను. అయినను రాజ్యమును పెంచిన మంత్రులు చరిత్రలో పెక్కుమంది కలరు. పెరిగిన రాజ్యమును చక్కదిద్దవలెనని యత్నించుటలోనే గావాన్ గొప్పతనము కనిపించును.

అంతకు పూర్వము రాజ్యము నాలుగు పెద్ద తరఫులుగా, అనగా రాష్ట్రములుగా, ఉండెను. ఒక్కొక తరఫుదారు చిన్న రాజువలె మెలగుచుండెను. గావాన్ ఆ నాలుగింటిని ఎనిమిది చేసెను. తెలంగాణము రాజమహేంద్రవరము, వరంగల్లు అను రెండు భాగములయ్యెను. తరఫుదారు చేతిలో ఒక్క కోటను మాత్రముంచి, తక్కిన కోటలకు సుల్తానే అధిపతులను నియమించునట్లు కట్టడి చేసెను. భూములను కొలిపించి, ఎల్లలు నిర్ణయించి, పన్నులను క్రమపరచెను.

సైన్యము విషయమున ఆయన చేసిన ఏర్పాటు మరింత ముఖ్యమైనది. ఐదువందల మంది సైనికులను పోషించు సర్దారునకు అంతవరకు ఏటికి లక్ష హొన్నులు ముట్టుచుండెను. గావాన్ దానిని 1,25,000కు పెంచెను. వేయిమందిని పోషించువానికి 2,50,000 హొన్నులు. కాని లెక్కలో చూపిన సైనికులలో ఎందరు తక్కువైన అందరి జీతమును కోసివేయవలెనని విధించెను. కాగితము మీద సైన్యమును చూపి ధనమును కాజేయు అలవాటునకు ఇది గొడ్డలిపెట్టు.

బీదరు నగరమున 1472లో ఆయన నిర్మించిన మదరసా మూడంతస్తుల మేడ. రంగురంగుల పలకలతో పొదిగిన మీనారు, ఉపాధ్యాయులకు విద్యార్థులకు గదులు, మసీదు, మూడువేల గ్రంథములతో పుస్తకశాల, ఇవన్నియు ఒకే ఆవరణలో ఉండెను. దూరదేశముల పండితులతో ఆయన ఉత్తరప్రత్యుత్తరములు జరిపెను. ప్రసిద్ధ పారశీక కవి జామీని బీదరునకు ఆహ్వానించెను గాని ఆ కవి రాలేదు. గావాన్ లేఖలు రియాజుల్ ఇన్షా అను పేరున గ్రంథరూపమున నిలిచియున్నవి. మొగలుల కాలమున, 1696 ప్రాంతములో, మందుగుండు ప్రేలి మదరసాలో పెద్ద భాగము కూలినది. మిగిలిన గోడలును ఒక మీనారును నేటికిని కర్ణాటకమందలి బీదరులో చూడవచ్చును. 1956 వరకు బీదరు హైదరాబాదు రాష్ట్రములోనిదే గనుక, ఆ విద్యాలయము మన ప్రాంతమునకు పరాయిది కాదు.

రెండు ఖజానాలు

గావాన్ వ్యక్తిజీవితమును గూర్చి విపులముగా వ్రాసినవాడు ఫిరిష్తా. ఆ చరిత్రకారుడు గావానునకు నూరేండ్ల తరువాతివాడు. గావాన్ ఆశ్రితుడైన ముల్లా అబ్దుల్ కరీం హమదానీ రచనను అతడు ఆధారము చేసికొనెను. కావున ఈ వృత్తాంతములలో అభిమానము పాలు కొంత ఉండవచ్చునని ముందుగనే చెప్పుచున్నాము.

ప్రధాని మట్టిపాత్రలలో భుజించుచు, చాప మీద నిదురించుచు, జాగీరు ఆదాయమును సైన్యమునకు ప్రభుత్వ కార్యములకు వినియోగించుచు, తన ఇంటి ఖర్చును మాత్రము సొంత వర్తకపు లాభము నుండి జరుపుకొనుచుండెనట. ఆయన కడ రెండు ఖజానాలుండెను. ఒకటి సుల్తానుకు సంబంధించినది, రెండవది బీదలది. ఒకదాని సొమ్ము మరియొకదానిలో కలియరాదు. శుక్రవారపు రాత్రులలో మారువేషమున వీధులు తిరిగి ధనమును పంచుచు, అది సుల్తాను పంపినదని చెప్పుచుండెనట.

కొంకణ విజయము తరువాత సుల్తాను గావాన్ ఇంటికి వచ్చి వారము దినములు విడిది చేసి, ఎన్నడును ఎరుగని గౌరవములు చేసెను. సుల్తాను వెళ్ళిన వెంటనే గావాన్ లోపలి గదిలో తలుపు వేసికొని, రాజు తొడిగిన విలువైన దుస్తులను విడిచి, చాలసేపు విలపించెను. పిదప ఫకీరు వస్త్రములలో వెలుపలికి వచ్చి, పండితులను పిలిపించి తన కూడబెట్టిన సొత్తును పంచివైచెను. గ్రంథములు, గుఱ్ఱములు, ఏనుగులు మాత్రము మిగిల్చెను. కారణము అడుగగా, గ్రంథములు విద్యార్థులవనియు, గుఱ్ఱములు ఏనుగులు సుల్తానువనియు, అవి తన చేతిలో నున్న అప్పగింతలే గాని తన సొమ్ము కావనియు బదులు పలికెనట. అంతటి గౌరవము తన మనస్సులో అహంకారమును రేపెనని గ్రహించి ఆయన భయపడెను. అధికారములో నున్నవాడు తనను చూచి తాను భయపడుట ఎంత అరుదో వేరుగ చెప్పనక్కరలేదు.

వైరమునకు మూలము

బహమనీ కొలువు రెండు వర్గములుగా చీలియుండెను. తరతరములుగా దక్కనులో స్థిరపడినవారు దక్కనీలు. పారశీకము మొదలగు దేశముల నుండి క్రొత్తగా వచ్చినవారు ఆఫాఖీలు. వారి భాషలు, ఆచారములు, మతశాఖలు సైతము వేరు. వారి పగలు అంతకుముందే పెక్కుమంది ప్రాణములను బలిగొన్నవి. గావాన్ తాను ఆఫాఖీయైనను, పదవులను ఉభయ వర్గములకును సమానముగ పంచుటకు యత్నించెను.

దక్కనీల నాయకుడైన మలిక్ హసన్ బహ్రీకి తెలంగాణపు తరఫుదారీ ఇచ్చుటకు గావాన్ సమ్మతించియుండెను. కాని క్రొత్త కట్టడితో మలిక్ హసన్ చేతిలో రాజమహేంద్రవరపు భాగము మాత్రము మిగిలి, వరంగల్లు పోయెను. కోటలు చేజారెను. సైన్యపు లెక్కలు బయటపడుచుండెను. నష్టపడినవారు ఇరు వర్గములలోను ఉండిరి. సంస్కరణల వలన మేలు పొందిన రైతులు రాజధానికి వచ్చి మాట్లాడగలవారు కారు. నష్టపడిన సర్దారులు మాత్రము ప్రతిదినము సుల్తాను చెంతనే మసలుచుండిరి.

కొండపల్లి తీర్పు

1481 తొలి మాసములలో సుల్తాను తూర్పు దండయాత్రలో నుండెను. కాంచీపురము వరకు పోయి ఆలయసంపదను కొల్లగొట్టి కొండపల్లికి తిరిగివచ్చెను. అదే అదనుగా కుట్రదారులు పని ప్రారంభించిరి. గావాన్ ముద్రను భద్రపరచు బానిసతో స్నేహము నటించి, అతడు మద్యపు మత్తులో నుండగా, ఒక తెల్ల కాగితము మీద ముద్ర వేయించుకొనిరి. దాని మీద గజపతి పేర ఒక లేఖను సృష్టించిరి. సుల్తాను త్రాగుబోతనియు, ప్రజలు విసిగియున్నారనియు, దండెత్తి వచ్చినచో రాజ్యమును పంచుకొనవచ్చుననియు అందలి సారాంశము. ఆ లేఖ పట్టుబడినదని చెప్పి సుల్తాను ఎదుట ఉంచిరి. గావాన్ పెంచి పైకి తెచ్చిన యూసుఫ్ ఆదిల్ ఖాన్ ఆ సమయమున దూరముగ వేరొక దండులో నుండెను.

సుల్తాను వెంటనే పిలువనంపెను. మిత్రులు ప్రమాదమును పసిగట్టి, గుఱ్ఱములు సిద్ధముగ నున్నవి, గుజరాతునకు తప్పించుకొనుమని బతిమాలిరి. చేయని నేరమునకు పారిపోవుట తగదని గావాన్ కదలలేదు. సుల్తాను మద్యపానము చేసియుండెను. ప్రభుద్రోహికి శిక్ష యేమని అతడు అడుగగా, మరణమేయని గావాన్ బదులు చెప్పెను. అప్పుడు లేఖను చూపిరి. ముద్ర తనదేయనియు, లేఖ మాత్రము తనది కాదనియు ఆయన ప్రమాణము చేసెను. లేఖ ఎవరి చేతివ్రాత, ఎక్కడ పట్టుబడినది, ఎవరు తెచ్చిరి, ముద్ర ఎవరి అధీనమున నుండెను, ఈ నాలుగు ప్రశ్నలలో ఒక్కటియైనను అడిగినచో గుట్టు రట్టగును. సుల్తాను ఒక్కటియు అడుగలేదు. జౌహర్ అను బానిసకు ఆజ్ఞ ఇచ్చి లోపలికి పోయెను. ముసలివాని చావు స్వల్ప విషయమనియు, దాని వలన రాజ్యమునకును రాజు కీర్తికిని చేటు కలుగుననియు గావాన్ హెచ్చరించి, ఖిబ్లా వైపు మోకరిల్లి కలిమా పఠించుచు కత్తికి మెడను ఒగ్గెను. అది 1481 ఏప్రిల్ 5వ తేదీ. ఆయన వయస్సు డెబ్బది యేండ్లు.

పిమ్మట సుల్తాను గావాన్ దాచిన ధనరాశులకై వెదకించెను. ఖజానాదారు రెండు ఖజానాల లెక్కలను చూపెను. ప్రభుత్వ ఖజానాలో సైన్యమునకు ఉద్దేశించిన కొలది ధనము, బీదల ఖజానాలో మరింత కొలది ధనము తప్ప వేరేమియు లేదు. అభిమానులు వ్రాసిన మాటలను మనము శంకింపవచ్చును గాని, దోషమును పట్టవలెనని వెదకినవారికే ఏమియు దొరకకపోవుట బలమైన సాక్ష్యము. లేఖ కల్పితమని తెలిసి సుల్తాను దుఃఖించెను. దేహమును సగౌరవముగ బీదరునకు పంపెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లయ్యెను. యూసుఫ్ ఆదిల్ ఖాన్ మొదలగు సర్దారులు సుల్తాను గుడారమునకు దూరముగ విడిసిరి. గావానుకే ఈ గతి పట్టినప్పుడు తమకు రక్షణ యేదని వారి భయము. మరుసటి యేడు, 1482లో, ముప్పది యేండ్లైనను నిండకుండ సుల్తాను మరణించెను. గావాన్ తనను చంపుచున్నాడని అంత్యకాలమున కేకలు వేసెనని ఫిరిష్తా వ్రాసెను. కుట్రనాయకుడు మలిక్ హసన్ ప్రధాని పదవిని పొందెను గాని నాలుగైదేండ్లకే అతడును హత్యకు గురియయ్యెను. క్రమముగ బహమనీ రాజ్యము ఐదు ముక్కలయ్యెను.

గావానును ఎట్లు తూచవలెను

సుల్తానును నిందించుట సులభము. గావాన్ మనకు ప్రియమైనవాడు గనుక ఆయనను తూచుటయే కష్టము. అయినను తూచక తప్పదు. కొంకణ యుద్ధములలో ఆయన సేనలు చేసిన సంహారము తక్కువది కాదు. ఆ దండయాత్రను వర్ణించు ఆయన లేఖలలో విజయగర్వము స్పష్టముగ కనిపించును. ఆయన కాలముననే బీదరును చూచిన రష్యా వర్తకుడు అఫనాసీ నికితిన్, పల్లెప్రజలు మిక్కిలి పేదలుగను, ప్రభువులు అతి వైభవముతోను ఉండిరని వ్రాసెను. కొండపల్లి కోట లొంగినప్పుడు సుల్తాను ఆలయమును పడగొట్టించి, అచటి బ్రాహ్మణులను స్వహస్తములతో చంపెను. ఆనాటి ప్రధాని గావానే.

కాలము అట్టిదని కొందరు అందురు. కాని ఆ కాలపు దక్కను ప్రజలే బ్రాహ్మణవధ రాజవంశమునకు అరిష్టమని భావించిరని ఫిరిష్తా వ్రాసియున్నాడు. నిరాయుధులను చంపరాదను ధర్మము మన కాలపు కల్పన కాదు. అది ఆనాడును ప్రజల మనస్సులో నుండెను. పాలకులు దానిని ఎరిగియే మీరిరి. కావున యుగమునకొక ధర్మమను సాకు ఇచట నిలువదు. నిరపరాధిని చంపరాదు, విచారింపక శిక్షింపరాదు, ప్రజల సొమ్మును అపహరింపరాదు అను మూడు నియమములకు రాజైనను మంత్రియైనను బద్ధులే.

అట్లని ఈ దోషములను చూపి మదరసాను, సంస్కరణలను, నిష్కళంకమైన ధనవ్యవహారమును లేనట్లు భావించుటయు న్యాయము కాదు. తూచు పద్ధతిని గావానే మనకు నేర్పియున్నాడు. రెండు ఖజానాలలో ఒకదాని సొమ్మును మరియొకదానిలో ఆయన కలుపలేదు. మనమును పాలకుని సుకృతమును ఒక పద్దులోను, దుష్కృతమును మరియొక పద్దులోను వ్రాయవలెను. విద్యాలయము కట్టినంత మాత్రమున యుద్ధమున పోయిన ప్రాణములు తిరిగిరావు. యుద్ధము చేసినంత మాత్రమున విద్యాలయము అబద్ధము కాదు. ఒక పద్దు మిగులుతో రెండవ పద్దు లోటును పూడ్చరాదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయ చరిత్రాచార్యులు హారూన్ ఖాన్ షేర్వానీ గావానుపై ఆంగ్లమున రచించిన జీవితచరిత్ర 1942లో వెలువడినది. ఇంకను తెలిసికొనగోరు విద్యార్థులు దానిని చదువవలెనని కోరుచున్నాము.

వార్తను తెచ్చినవాని మాటను విచారింపకుండ నమ్మి, తెలియక ఎవరికైనను హాని చేసి పిదప పశ్చాత్తాపపడవలదని దివ్య ఖుర్ఆన్ విశ్వాసులను హెచ్చరించినది. ఒక జాతిపై గల వైరము న్యాయమును తప్పింపరాదనియు బోధించినది. ముహమ్మద్ షా ఈ బోధలను ఎరుగనివాడు కాడు. ఎరిగియు ఒక రాత్రి మత్తులో మరచెను. మనము సుల్తానులము కాము. అయినను ప్రతి ఐదేండ్లకొకసారి ఓటు రూపమున, ప్రతిదినము మాట రూపమున నాయకులపై తీర్పు చెప్పుచునే యున్నాము. ముద్ర నిజమైనంత మాత్రమున లేఖ నిజము కాదు. ఆరోపణ విన్నప్పుడు అది ఎవరు తెచ్చిరి, ఎవరికి లాభము, ఎదుటివాని సమాధానమేమి అని అడుగుట మన కర్తవ్యము. ఋజువైన పిమ్మట, దోషి మనవాడైనను వెనుదీయక దోషమని పలుకుట అంతకంటె కష్టమైన కర్తవ్యము. ఈ రెంటిని అలవరచుకొనుటకు విద్యాలయము కంటె తగిన చోటు లేదు. బీదరులో మదరసా కట్టిన ఆ వృద్ధమంత్రి ఆశయమును మన విద్యార్థులు ఈ విధముగ నిలుపుదురని మేము ఆశించుచున్నాము.